చిల్లకూరులో ఉప్పునీళ్లు

వారం నుంచి చిల్లకూరు మండలంలో, సముద్రం వైపు ఊళ్లో పిల్లలకు సాయంత్రాలు పాఠాలు చెప్తున్నా. ఈరోజు ఒక అవ్వ చెంబుతో బోరు నీళ్లిచ్చి "ఒక గుక్క తాగి చూడు నాయనా" అంది. ఒట్టి ఉప్పు. "ఇవి అంట్లకే. తాగేదానికి క్యాను కొనాల్సిందే." గడప పక్కనే ఇరవై లీటర్ల క్యాను, మూత మీద బోర్లించిన స్టీలు గ్లాసు.

ఊరి చుట్టూ రొయ్యల గుంటలే. మన ఆంధ్రా రొయ్య అమెరికా దాకా పోతుంది, మంచినీళ్లు మాత్రం ఈ గడప దాకా రాలేదు. 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఆరోది అందరికీ శుభ్రమైన నీళ్లు. గడువు 2030. కూలి డబ్బుల్లోంచి నీళ్లు కొంటున్న అవ్వను చూశాక ఆ అంకె గుండెల్లో గుచ్చుకుంటోంది.

రేపు పిల్లలకు లీటర్ల లెక్కలు చెప్పాలి. ఆ క్యానుతోనే మొదలుపెడతా.