పార్క్‌లేన్‌లో జ్ఞాపకశక్తి అమ్మబడును!

సికింద్రాబాద్‌లో ప్యారడైజ్‌ మెట్రో స్టేషన్‌ మెట్లు దిగగానే ముందుగా పలకరించేది బిర్యానీ వాసన. దానికి లొంగకుండా పార్క్‌లేన్‌ వైపు నడిస్తే పిలుపులు మొదలవుతాయి. 'క్యా హోనా సార్‌? ల్యాప్‌టాపా, ప్రింటరా, టోనరా?' అంటూ దుకాణాల కుర్రాళ్లు దారికి అడ్డం వస్తారు. చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌ చుట్టూ అల్లుకున్న కంప్యూటర్ల బజారు ఇది. అంత పొడుగు పేరు ఎవరూ పలకరు. అందరికీ అది 'సీటీసీ'.

ఓ శనివారం మధ్యాహ్నం ఉప్పల్‌లో మెట్రో ఎక్కి ఓ తండ్రీ, ఇంటర్‌ చదివే కూతురూ ఇక్కడ దిగారు. ఆయన సంచిలో కళ్లజోడు పెట్టె ఉంది. అందులో ఉన్నది మాత్రం కళ్లజోడు కాదు... కాగితంలో చుట్టిన జానెడు ఆకుపచ్చ పట్టీ. 2018లో ఇదే బజారులో చేయించుకున్న డెస్క్‌టాప్‌ తాలూకు 4 జీబీ ర్యామ్‌. ఆన్‌లైన్‌ పాఠం, నోట్స్‌ ఒకేసారి తెరిస్తే కంప్యూటర్‌ బిగుసుకుపోతోంది. కొత్తది కొందామంటే కాలేజీ ఫీజు కట్టాల్సిన నెల. 'మెమరీ వేస్తే సరిపోతుందేమో నాన్నా' అన్నది కూతురి ఆశ.

అటక... పొయ్యి గట్టు

ఆ ఆశలో న్యాయం ఉంది. కంప్యూటర్‌ను వంటిల్లు అనుకుంటే హార్డ్‌డిస్క్‌ అటక లాంటిది. సరుకంతా అక్కడే ఉంటుంది. ర్యామ్‌ పొయ్యి పక్కన గట్టు. వంటకు కావలసినవి ముందుగా దాని మీదికి చేరాలి. గట్టు ఇరుకైతే ఒక డబ్బా దించడానికి ఇంకో డబ్బా అటకెక్కించాలి. ఇల్లాలి చేతిలో ఎంత పనితనమున్నా వంట ఆలస్యమే. కరెంటు తీయగానే ఆ గట్టు ఖాళీ అయిపోతుంది. అటక మీద సరుకు మాత్రం పదిలంగా ఉంటుంది.

ఈ గట్టు పుట్టుక చిత్రమైంది. ఒకే ఒక్క ట్రాన్సిస్టర్‌తో ఒక బిట్‌ను దాచే పద్ధతికి ఐబీఎం ఇంజినీరు రాబర్ట్‌ డెన్నార్డ్‌ 1968లో పేటెంట్‌ పొందారు. 1970లో ఇంటెల్‌ తెచ్చిన 1103 చిప్‌లో పట్టింది 1024 బిట్లు... అంటే 128 ఇంగ్లిషు అక్షరాలు! ఈ బజారులో గాజు బల్ల మీద పరిచి అమ్మే ఒక్క 8 జీబీ పట్టీ అలాంటి 6.7 కోట్ల చిప్పులకు సమానం.

గాడి కలిస్తేనే...

దుకాణాయన పెట్టె తెరిచి పట్టీని వెలుగులో తిప్పి చూశాడు. 'డీడీఆర్‌ 4' అన్నాడు. పాతదాన్ని వెంట తేవడం ఎంత తెలివైన పనో అప్పుడు తెలిసింది. డీడీఆర్‌ 4కూ, డీడీఆర్‌ 5కూ కాళ్లు 288 చొప్పునే. కానీ మధ్యలో గాడి చోటు వేరు. ఒకటి ఇంకోదాని స్లాట్‌లో కూర్చోదు. డీడీఆర్‌ 3కి కాళ్లే 240. చూడకుండా కొంటే మళ్లీ మెట్రో ఎక్కాల్సిందే.

ఆయన వెంటనే అమ్మేయలేదు. 'విండోస్‌ ఏది?' అని అడిగాడు. విండోస్‌ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది మరి. '11 వేశాం' అంది అమ్మాయి. తర్వాత టాస్క్‌ మేనేజర్‌ ఫొటో చూపించింది. మెమరీ 92 శాతం నిండి ఉంది. 'అది సగమే నిండి కూడా మిషన్‌ నత్తలా నడుస్తుంటే రోగం డిస్క్‌ది. ఎస్‌ఎస్‌డీ వేయమనేవాణ్ని. మీకు మాత్రం ర్యామే మందు. రెండో స్లాట్‌ ఖాళీగా ఉందిగా, 8 వేసుకోండి. పాతది పారేయొద్దు' అన్నాడు.

ధర వినగానే తండ్రి మొహం వాడిపోయింది. 2025 చివరి నెలల్లో ర్యామ్‌ ధరలు ప్రపంచమంతటా ఒక్కసారిగా పైకెగశాయి. కృత్రిమ మేధ డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు కుప్పలుగా కావాలి. వాటిని చేసే పెద్ద కంపెనీలు శామ్‌సంగ్‌, ఎస్‌కే హైనిక్స్‌, మైక్రాన్‌. ఎక్కువ లాభమున్న వైపే వాటి మొగ్గు. ఇళ్లలో వాడే 'క్రూషియల్‌' ర్యామ్‌ల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో మైక్రాన్‌ ప్రకటించింది. ఆ మైక్రాన్‌ 2019లో హైదరాబాద్‌లోనూ ఓ కేంద్రం తెరిచింది. ఎక్కడో కట్టే డేటా సెంటర్‌ బరువు ఉప్పల్‌లోని ఇంటి ఖర్చు మీద పడటమంటే ఇదే!

'సెకండ్‌ హ్యాండ్‌ ఉంది. ఇక్కడే మిషన్‌లో పెట్టి చూపిస్తా. పరీక్ష పూర్తయ్యాకే డబ్బివ్వండి' అన్నాడు దుకాణాయన. ముప్పావు గంట పట్టింది. తప్పు ఒక్కటీ రాలేదు. ఆలోగా పాడైన మదర్‌బోర్డు ఒకటి అమ్మాయి ముందు పెట్టాడు. 'ప్లగ్‌ తీసేయాలమ్మా. ఇనుప పెట్టెను ఓసారి ముట్టుకోవాలి, ఒంట్లోని స్టాటిక్‌ కరెంటు దిగిపోతుంది. గాడి చూసి రెండు చివర్లా సమానంగా నొక్కు' అని చూపించాడు.

టక్‌!

సాయంత్రం ఇంట్లో ఆ పని కూతురే చేసింది. మొదటిసారి తెర వెలగలేదు. తండ్రి గుండెలో రాయి పడింది. ఆమె కంగారు పడకుండా ప్లగ్‌ తీసి, పాత పట్టీ బంగారు రంగు కాళ్లను పెన్సిల్‌ రబ్బరుతో మెల్లగా తుడిచింది. పొడి దులిపి, రెండింటినీ మళ్లీ నొక్కింది. 'టక్‌' మని క్లిప్పులు పడ్డాయి. ఈసారి తెర మీద 12 జీబీ కనిపించింది.

పలచటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు. చాలకపోతే మొత్తం మిషనే మార్చాలి. మూత విప్పి, తక్కువైనదొక్కటే చేర్చుకునే వీలు డెస్క్‌టాప్‌ది. ఆ వీలున్నంత కాలం పార్క్‌లేన్‌లో పిలుపులు వినిపిస్తూనే ఉంటాయి.

అమ్మాయి పాఠం తెరిచి, పక్కనే నోట్స్‌ కూడా తెరిచింది. రెండూ ఆగకుండా నడిచాయి. తండ్రి పొద్దుటి నుంచి చొక్కా జేబులో మోస్తున్న కళ్లజోడు తీసి, ఖాళీ అయిన పెట్టెలో పెట్టుకున్నాడు.