మా యింటి గడప

మా తండ్రిగారు 1958వ సంవత్సరమున, కొమ్మమూరు కాలువకు సమీపముననున్న మా గ్రామములో ఇల్లు కట్టించునపుడు, వీధికంటె రెండడుగుల యెత్తున అరుగు వేయించిరి. అరుగు నెక్కుటకు నాలుగు మెట్లు. పిమ్మట ఆరంగుళముల యెత్తుగల టేకు గడప. గడప దాటినచో సావడి. సావడినుండి వంటయింటిలోనికి ఒక మెట్టు దిగుడు. వంటయింటినుండి పెరటిలోనికి మఱి రెండు మెట్లు. పెరటి చివర వేపచెట్టు క్రింద మరుగుదొడ్డి. ఆ కాలపు ఇండ్లు మా ప్రాంతమున ఇంచుమించుగా నిట్లే యుండెడివి. ఇది తెలివితక్కువ కాదు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ తుపానునాడు వీధిలో మోకాటిలోతు నీరు పాఱినను, ఆ యెత్తుచేతనే మా ధాన్యపు బస్తాలు తడియలేదు. తేళ్లును పాములును వాననీరును లోనికి రాకుండ గడప కాపాడుచుండెను. ఆ గడపను మా అమ్మగారు అరువదియేండ్లలో ఎన్నిమారులు దాటిరో లెక్క వేసినవారు లేరు. నేను గణితోపాధ్యాయుడనై యుండియు వేయలేదు.

2021వ సంవత్సరము ఆగస్టు నెలలో ఆమెకు పక్షవాయువు తగిలి, కుడిచేయియు కుడికాలును పడిపోయినవి. మూడు మాసములకు కాలు కొంత స్వాధీనమయ్యెను, చేయి కాలేదు. చేతికఱ్ఱ యూతతో సావడిలో నాలుగడుగులు వేయగలిగిరి. అంతకు మించిన దూరమునకు చక్రముల కుర్చీ కావలసివచ్చెను. గుంటూరులో కాపురమున్న మా తమ్ముడు, "మా యింటికి లిఫ్టు ఉన్నది, నేల యంతయు సమముగా నుండును, అమ్మకు ఏ కష్టమును ఉండదు" అని తీసికొనిపోయెను. తొమ్మిదవనాడు ఆమె తిరిగి వచ్చిరి. అచట ఆమెకు లోపమేమియు జరుగలేదు. కారణ మడిగినచో, "రాత్రిపూట లేస్తే ఏ గోడ ఎక్కడున్నదో తెలియడం లేదు, అబ్బాయీ. ఇక్కడైతే కళ్లు మూసుకొని పోగలను" అనిరి.

కాని యిచటను పోలేకపోయిరి. వచ్చిన వారము దినములకు, తెల్లవాఱుజామున నా భార్య లేచి చూచునప్పటికి, వంటయింటి మెట్టుకడ ఆమె నేలమీద పడియుండిరి. మరుగుదొడ్డికి ఒంటరిగా బయలుదేరి, మెట్టు దిగుచు పడి, ఎంతసేపటినుండియో అట్లే యుండిరి. ఎముక విఱుగలేదు, అది దేవుని కృప. ఎందులకు పిలువలేదని నేను కోపపడగా, "రోజూ లేపితే అమ్మాయికి మాత్రం నిద్ర ఉండొద్దా?" అనిరి. కొన్ని దినములుగా ఆమె సాయంకాలము మంచినీరు త్రాగుట మానుకొనిరనియు, దానికి కారణము ఈ రాత్రి ప్రయాణమేననియు నా భార్య నాకు అప్పుడు చెప్పినది. దాహమును చంపుకొనుచున్న తల్లి యింటనుండగా, నేను పాఠశాలలో క్షేత్రగణితము బోధించుచుంటిని.

ఇక ఇల్లు మార్పక తప్పదని నిశ్చయించితిని. కొలత టేపును కాగితమును తీసికొని రెండు ఆదివారములు ఇల్లంతయు కొలిచితిని. చక్రముల కుర్చీ నెక్కించు వాలుబాటకు ఒక అంగుళము ఎత్తునకు పండ్రెండంగుళముల పొడవైన నుండవలెనని మన ప్రభుత్వమువారు ప్రకటించిన సూత్రములలో నున్నది. అనగా ఇరువదినాలుగంగుళముల అరుగునకు ఇరువదినాలుగడుగుల బాట. మా వాకిలియో పదునెనిమిదడుగులే. కావున అరుగునుండి పండ్రెండడుగులు తిన్నగా దింపి, అచట అయిదడుగుల చదునైన తావు విడిచి, మలుపు త్రిప్పి, ప్రహరీగోడ ప్రక్కగా మఱి పండ్రెండడుగులు దింపవలెను. మలుపుకడ చదును లేనిచో కుర్చీ త్రిప్పువారికి చేతులు చాలవు.

తాపీమేస్త్రి నా పటమును చూచి నవ్వెను. "ర్యాంపుకు ఎనిమిదడుగులు చాలునండి. మిల్లులో బస్తాలబండ్లు ఎక్కించడంలేదా?" అనెను. నేను వాదింపక, ఎనిమిదడుగుల బల్లను తెప్పించి అరుగునకు ఆనించి, చక్రముల కుర్చీలో నేనే కూర్చుండి, "త్రోయుము" అంటిని. మేస్త్రి బలిష్ఠుడు. సగము దూరము త్రోసెను. అచట ఆగి ఊపిరి తీసికొనునంతలో కుర్చీ వెనుకకు జాఱ మొదలిడెను. అతని కూలి పరుగున వచ్చి పట్టుకొనకున్నచో ఈ వ్యాసము వ్రాయుటకు నేనుండెడివాడను కాను. పిమ్మట మేస్త్రి మఱేమియు అనక ఇరువదినాలుగడుగులకు ముగ్గు పోసెను. సిమెంటు నునుపు చేయక, తడిగానున్నప్పుడే చీపురుతో అడ్డముగా గీతలు గీయించితిమి. వానలో కాలు జాఱకుండుటకు అంతకన్న చౌకయైన ఉపాయము లేదు.

అసలు చిక్కు గడపయొద్ద వచ్చినది. మా వడ్రంగి ఉలి తీయడు. "నేను గడపలు ఎత్తేవాణ్నిగాని కోసేవాణ్ని కానండి" అని కూర్చుండెను. మాది క్రైస్తవ కుటుంబమే. పసుపు కుంకుమలు పెట్టిన గడప కాదు. అయినను నాకును మనసొప్పలేదు. ఆ ద్వారబంధము పైకమ్మిమీద మా తండ్రిగారు స్వయముగా చెక్కిన సిలువయు, ఇల్లు కట్టిన సంవత్సరమును ఉన్నవి. గడప తీసినచో ఆయన చేతిపని కుంటిదగునని తోచెను. గడపకు ఇరుప్రక్కల చిన్న బల్లలు వేసి దాటింతునని అంటిని. మంచముమీదనుండి వినుచున్న అమ్మగారు, "నలుగురు మనుషులు ఆ పక్షవాయువు రోగి కోసం ఊరివాళ్ల ఇంటికప్పే ఊడదీశారు. నా ఇంట్లో నా గడప తీయడానికి ఇంత ఆలోచనా?" అనిరి. మార్కు సువార్తను ఆమె మాకంటె బాగుగ నెఱుగుదురు. వడ్రంగి నవ్వి లేచెను. గడప పోయినచో ద్వారబంధపు కాళ్లు ఎడముగునని, వానిని ఇనుప పట్టీలతో నేలకు బిగించెను.

మొదటి వర్షమునకు నీరు సావడిలోనికి వచ్చినది. గడప చేసిన పని ఏదో అప్పుడు బోధపడినది. ద్వారము బయట అడ్డముగా ఒక కాలువ చెక్కించి, దానిపై ఇనుప జల్లెడ పఱపించితిమి. ఆ గడప కఱ్ఱ ఇప్పటికిని పశువులపాకలో అటకమీద నున్నది. చెదలు పట్టినవా అని అమ్మగారు అప్పుడప్పుడు అడుగుచుందురు.

మరుగుదొడ్డిని పెరటి చివరనుండి వెనుక వసారాలోనికి, ఆమె గది ప్రక్కకే తెచ్చితిమి. కమోడు నేలనుండి పదునెనిమిదంగుళములు; తలుపు మూడడుగుల వెడల్పు. ఆ తలుపు బయటికి తెఱచుకొనునట్లు పెట్టించితిని. లోపల మనిషి పడిపోయినచో లోనికి తెఱచుకొను తలుపును ఎవ్వరును తీయలేరు గదా. పట్టుకొనుటకు గోడకు ఉక్కు కడ్డీ బిగించి, నేనే దానికి వ్రేలాడి పరీక్షించితిని. అంతయు సిద్ధమైననాడు బంధువులను పిలిచి చూపవలెనన్నంత గర్వము కలిగినది.

అమ్మగారు లోనికి పోయిరి. చాలసేపటికిని రాలేదు. పిదప నన్ను పిలువక కోడలిని పిలిచిరి. బయటికి వచ్చి, నా ముఖము చూచి, మెల్లగా, "కడ్డీ బాగానే ఉన్నది గానీ, కుడివైపు పెట్టావు, అబ్బాయీ" అనిరి.

పడిపోయిన చేయి కుడిచేయి. ఆ సంగతి నాకు తెలియనిది కాదు; నాలుగు మాసములుగా ఆమెకు అన్నము కలిపి పెట్టుచున్నది మేమే. కాని పటము గీయునపుడు నేను నా శరీరమును తలచుకొని గీసితిని. అమెరికా దేశాధ్యక్షుడుగా నుండిన ఫ్రాంక్లిన్ రూజ్వెల్టుగారికి 1921లో వ్యాధి సోకి కాళ్లు చచ్చుబడెను. ఆయన సామాన్యమైన కుర్చీకి చక్రములు తగిలించుకొని తిరిగిరనియు, తన కుర్చీ కడ్డములేకుండ సాగునట్లుగా టాప్ కాటేజి యను చిన్నయింటిని తామే ఆలోచించి 1938, 1939 సంవత్సరములలో కట్టించుకొనిరనియు నేను తరగతిలో పలుమారులు చెప్పియుంటిని. అచట కుర్చీలో కూర్చుండువాడే పటము గీసెను. మా యింట కూర్చుండువారిని ఎవ్వరును అడుగలేదు.

నాటి సాయంకాలము కాగితము లేకుండ ఆమెయొద్ద కూర్చుంటిని. ఏమి కావలయునని మొదటిసారి యడిగితిని. ఆమె చెప్పినవానిలో సగము నా పటములో లేవు. కడ్డీ ఎడమవైపునకు రావలెను. మంచమునుండి మరుగుదొడ్డివఱకు గోడవెంట రాత్రియంతయు వెలుగు చిన్నదీపము కావలెను. స్విచ్చి మంచములోనుండి ఎడమచేతి కందవలెను. నవారు మంచము క్రుంగి లేవనీయదు, దానికి బదులు బల్లమంచము కావలెను. వంటయింటి మెట్టు తీసి వాలు చేసినచో, కూర్చుండి కూర తఱుగగలరు; ఒంటిచేతితో తఱుగుటకు వంకాయ కదలకుండ పీటకు రెండు మేకులు తలక్రిందులుగా కొట్టించుమని ఉపాయముకూడ ఆమెయే చెప్పిరి. నేను సావడిలో ఆమెకై కొన్న మెత్తని కుర్చీని గూర్చి అడుగగా, "అది నువ్వు కూర్చో. నన్ను అరుగుమీద కూర్చోబెట్టు. బడికి పోయే పిల్లలు కనబడతారు" అనిరి.

అన్నియు జరిగినవి. మరుగుదొడ్డి కుడిగోడ పలకలలో, తీసివేసిన కడ్డీ రంధ్రములు మాత్రము అట్లేయున్నవి. పూడ్పింతునన్న మేస్త్రిని నేనే వలదంటిని. అమ్మగారు రాత్రి ఎవ్వరిని లేపకుండ పోయి వచ్చుచున్నారు. సాయంకాలము మంచినీరు త్రాగుచున్నారు.

ఇంటినుండి వీధిలోనికి దిగుట సులభమైనపిదప ఆమె మొదట పోదమన్నది దేవాలయమునకు. అచట అయిదు మెట్లున్నవి. సంఘపు యువకులు నలుగురు కుర్చీతో సహా ఎత్తి లోపల దింపిరి. వారి ప్రేమకు వందనములు చెప్పిరి గాని, మఱుసటి ఆదివారము, "నలుగురూ చూస్తుండగా బస్తాలాగా ఎత్తించుకోవడం నాకు ఇష్టం లేదు" అని యింటనే యుండిరి. పెద్దలతో మాటలాడితిని. కొలతలు తీయుటకు మా మేస్త్రినే పిలిచిరి. మెట్ల యెత్తు ముప్పదిరెండంగుళములు వచ్చెను. నేను నోరు తెఱవకముందే అతడు పెద్దలవైపు తిరిగి, "ముప్పది రెండడుగులండి, ఒక్క అడుగు తగ్గినా నేను కట్టను" అనెను. ఈ పంక్తులు వ్రాయునాటికి ఇసుక మాత్రము వచ్చినది.