చెవులపిల్లికి గూడు ఉండదు

శనక్కాయ పెరికే కాలం వచ్చింది కాబట్టి ఈ సంగతి ఇప్పుడే రాయాల. మీ చేన్లో కూలోళ్లు సాళ్లు పట్టుకుని పోతా ఉంటారు. ఉన్నట్టుండి ఒకరు "అన్నా, ఈడ పిల్లలుండాయి" అని కేకేస్తారు. పోయి చూస్తే చెట్ల మొదుట్లో అరచేతిలో పట్టేంత చెవులపిల్లి పిల్ల. కదలదు, కళ్లు మాత్రం తెరుచుకుని ఉంటాయి. తల్లి జాడ ఉండదు. అప్పుడు మీరేం చేస్తారు?

పదేండ్లప్పుడు నేను చేసింది ముందు చెప్తా. పాపం తల్లి లేని పిల్లలని రెండిటిని చొక్కాలో వేసుకుని ఇంటికి తెచ్చినా. గంప కింద పెట్టి, దూదితో ఆవుపాలు తాపించినా. మా అవ్వ చూసి, "తల్లి సాయంత్రానికి వస్తుంది, పోయి ఆడనే పెట్టి రారా" అనింది. నేను వినలేదు. రెండో రోజు కడుపుబ్బి ఒకటి, మూడో రోజు తెల్లారేసరికి ఇంకోటి చచ్చిపోయినాయి. దిబ్బ పక్కన పూడ్చి ఏడ్చినా. అవ్వ ఏమీ అనలేదు, అదే ఇంకా బాధ.

ఇప్పుడు ఫోన్లో వెతికితే, అడవి కుందేలు పిల్లలు మూడు వారాలకు గూడు వదులుతాయని వస్తుంది. అది తప్పు కాదు. కానీ అది వేరే జంతువు. యూరప్ వైపు బొరియల్లో ఉండే కుందేళ్లు, మనోళ్లు పంజరాల్లో పెంచే తెల్ల కుందేళ్లు ఒక జాతి. వాటి పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. కళ్లు తెరిచేదానికే పది రోజులు పడుతుంది. తల్లి తన బొచ్చు పీకి పరుపు వేస్తుంది. వాటికి గూడు కావాల్సిందే.

మన చేన్లలో తిరిగేది అది కాదు. మేము చెవులపిల్లి అంటాము, అమరాపురం చుట్టుపక్కల కన్నడం మాట్లాడే ఇండ్లల్లో మొల అంటారు, బడి పుస్తకంలో కుందేలు. మెడ వెనక నల్లగా ఉంటుంది చూడండి, దాని శాస్త్రీయ నామం నైగ్రికొల్లిస్ అంటే కూడా నల్లమెడ అనే. ఇది బొరియ తవ్వదు. గడ్డిలోనో చెట్ల మొదుట్లోనో ఒళ్లు పట్టేంత పల్లం చేసుకుని పడుకుంటుంది. పిల్లలు ఒంటి నిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి. గూడు ఎప్పుడు వదులుతాయని అడిగితే, వదిలేదానికి గూడే లేదు.

తల్లి పగలు పిల్లల దగ్గర ఉండదు. ఉంటే నక్క, కుక్క తల్లి వాసన పట్టుకుని పిల్లల దాకా వస్తాయి. పొద్దు గూకినాక వచ్చి, నాలుగు నిమిషాలు పాలిచ్చి పోతుంది. ఆ పాలు ఆవుపాల కంటే చాలా చిక్కన, రోజంతా సరిపోతాయి. పిల్లలు కూడా పుట్టిన కొన్నాళ్లకే తలా ఒక పక్క దాక్కుని, చీకటి పడేటప్పుడు పుట్టిన చోటికి చేరతాయని యూరప్‌లో ఈ జాతి జంతువుల్ని గమనించినోళ్లు చెప్తారు. రెండు మూడు వారాలకు గడ్డి కొరుకుతాయి, నెల దాటేసరికి పాలు మానేస్తాయి.

పోయిన సంవత్సరం మా చేన్లో రెండు కనిపించినాయి. కూలికొచ్చిన ఆయమ్మ కొడుకు, బడి సెలవని వచ్చినోడు, అప్పటికే ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "మామా, నేను సాక్కుంటా" అన్నాడు. ఇంకొకాయన "పెద్దదైతే కూరకు పనికొస్తుంది" అని నవ్వినాడు. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, పట్టుకున్నా చంపినా కేసే అని చెప్తే నవ్వు ఆపినాడు. పిల్లోడికి మాత్రం చట్టం చెప్పలేదు, నా గంప కథ చెప్పినా. తెచ్చి అదే చోట పెట్టినాడు. మనిషి చెయ్యి తగిలితే తల్లి రాదంటారు గానీ, అంత మాత్రానికి తల్లి పిల్లను వదిలిపెట్టదు. కుక్కను కట్టేయకపోవడమే అసలు ప్రమాదం.

నాలుగు సాళ్లలో పది పదిహేను అడుగులు పెరక్కుండా వదిలి, గుర్తుకు కట్టె నాటి టవలు కట్టినా. ఇంట్లో గొడవే అయింది. మాది కదిరి-6, పండిన కాయకు తడి తగిలితే భూమిలోనే మొలకెత్తే రకం. ఆకాశం చూస్తే మబ్బు. ఆయమ్మ మాట నాకూ సరిగ్గానే తోచింది, అయినా వదిలినా.

సాయంత్రం పిల్లోడూ నేనూ దూరంగా గట్టు మీద కూర్చున్నాము. దోమలు పీక్కుతిన్నాయి. మసక చీకట్లో చెట్లు కదిలినాయి, ఒక పెద్ద నీడ కాసేపు నిలబడి గంతేసి పోయింది. అంతే కనపడింది. పిల్లోడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

మూడో రోజు వాన పడనే పడింది. నాలుగో రోజు ఆ మిగిలిన చెట్లు పెరికితే ఊడలు మెత్తబడి కాయలు నేలలోనే తెగినాయి. ఒక గంప కాయ పోయినట్టే. పిల్లలు అక్కడ లేవు. ఎలుగు వేసి గడ్డలు తిరగేసినా రక్తం గానీ, పీకిన బొచ్చు గానీ కనపడలేదు. పిల్లోడు ఆ పల్లంలో చెయ్యి పెట్టి చూసి, "ఇదేనా మామా ఇల్లు?" అన్నాడు. ఇదేరా అన్నా.

మీ చేన్లో కనపడితే ఆ నాలుగు సాళ్లు చివరికి పెట్టుకోండి, కుక్కను కట్టేయండి. దెబ్బ తగిలిందో, కుక్క నోట పడిందో అయితే పాలు గీలు తాపకుండా అట్టపెట్టెలో పెట్టి అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేయండి.