మట్టిలో కిలోమీటర్లు లెక్కకు రావు

ఇంజన్ ఆయిల్ గురించి మనవాళ్ళు చేసుకునే వాదనల ముందు జావా గొప్పదా, డాట్‌నెట్ గొప్పదా అన్న పాత గొడవలు దిగదుడుపే. ఫుల్ సింథటిక్ వెయ్యకపోతే ఇంజన్ పోతుందని ఒకడు, మినరల్ ఆయిల్‌తో మా నాన్న ముప్పై ఏళ్ళు బండి నడిపాడని ఇంకొకడు. ఇద్దరూ బండితో పాటు ఇచ్చిన మాన్యువల్ తెరిచి ఉండరు. డాక్యుమెంటేషన్ చదవకుండా పని కానిచ్చేయడం మన వృత్తిలోంచి వచ్చిన అలవాటేనేమో!

మామూలు రోడ్డు మీద తిరిగే బండికైతే ఈ వాదనల వల్ల పెద్దగా నష్టం లేదు. కంపెనీ చెప్పిన గ్రేడు, చెప్పిన కిలోమీటర్లు, అంతే. నా బాధంతా ఆదివారం పొద్దున్నే వికారాబాద్ వైపు, అనంతగిరి గుట్టల దారుల్లోకి బళ్ళు తీసుకుపోయే వాళ్ళ గురించి. మా టీంలోనే నలుగురున్నారు. ఎక్స్‌పల్స్‌లు, హిమాలయన్‌లు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో అయితే మట్టి బండి వేరు, ఆఫీసు బండి వేరు. మట్టి బండిని పికప్ ట్రక్కులో వేసుకుని వెళ్తారు. మనకి రెండూ ఒకటే. ఆదివారం బురదలో ఈదిన బండే సోమవారం పొద్దున గచ్చిబౌలి ట్రాఫిక్‌లో నిలబడాలి. దాని ఈఎంఐ ఇంకా రెండేళ్ళుంటుంది. ఇంజన్ దెబ్బతింటే పోయేది సరదా ఒక్కటే కాదు.

మొదట ఏ ఆయిల్ అన్నది చూద్దాం. ఇక్కడ తప్పు చేస్తే పర్యవసానం వెంటనే తెలుస్తుంది.

కారుకీ బైకుకీ ఉన్న పెద్ద తేడా క్లచ్. కారు క్లచ్ పొడిగా ఉంటుంది, ఇంజన్ ఆయిల్‌తో దానికి సంబంధం లేదు. మన బళ్ళలో చాలావాటికి ఇంజన్, గేర్‌బాక్సు, క్లచ్ మూడూ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. అంటే ఆ ఒక్క ఆయిల్ పిస్టన్ దగ్గర రాపిడి తగ్గించాలి, క్లచ్ ప్లేట్ల దగ్గర మాత్రం పట్టు చెడగొట్టకూడదు. ఈ పరస్పర విరుద్ధమైన కోరికలు తీర్చడానికే జపాన్ వాళ్ళు 1998లో జాసో ప్రమాణం పెట్టారు. డబ్బా వెనకాల జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉంటే తడి క్లచ్‌కి పనికొస్తుందని అర్థం. ఎంబీ అని ఉంటే రాపిడి మరీ తక్కువ, అది గేర్లు లేని స్కూటర్లకి. ఏపీఐ అని ఇంకో ముద్ర ఉంటుంది. మన ఏపీఐ కాదు లెండి, అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్. ఆ గుండ్రటి ముద్రలో కింది భాగాన 'రిసోర్స్ కన్సర్వింగ్' అని ఉంటే అది పెట్రోల్ ఆదా కోసం రాపిడి తగ్గించే రసాయనాలు కలిపిన కారు ఆయిల్. దాన్ని బైకులో పొయ్యకండి.

మా టీంలో ఒక కుర్రాడి బండిలో ఒక షాపువాడు సరిగ్గా ఇదే పోశాడు. "కారుకే సరిపోయేది బైకుకి సరిపోదా సార్" అన్నాట్ట. రోడ్డు మీద ఏమీ తెలియలేదు. గుట్ట ఎక్కుతుంటే మొదలైంది. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ అరుస్తోంది గానీ బండి కదలదు. ఒక పక్క బండరాయి, ఇంకో పక్క వాగులోకి జారుడు. వెనక్కి జారుతున్న బండిని ఇద్దరం పట్టుకుని ఆపాం. కాలు విరగలేదు, అంతవరకు అదృష్టం. ప్లేట్లు మాత్రం మాడిపోయాయి. కొత్త ప్లేట్లకీ కూలికీ అయిన ఖర్చుతో వాడు ఏడాదిన్నరకి సరిపడా మంచి ఆయిల్ కొనుక్కునేవాడు.

ఇక డబ్బా మీది అంకెలు. 10డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-50 లాంటివి. డబ్ల్యూ అంటే వింటర్, చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే అంకె. రెండోది 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెప్పేది. మొదటి అంకె గురించి హైదరాబాద్‌లో ఎవరూ నిద్ర మానుకోనక్కర్లేదు. లడఖ్ వెళ్ళేవాళ్ళు ఆలోచించుకోవచ్చు. రెండో అంకె మాత్రం మీ బండి మాన్యువల్ ఏది చెబితే అదే. పాత 411 సీసీ హిమాలయన్‌కి 15డబ్ల్యూ-50 చెప్పారంటే ఆ ఇంజన్‌లో సందులు, ఆయిల్ పంపు, కూలర్ అన్నీ దానికి తగ్గట్టు పెట్టారని. పల్చటి ఆయిల్‌కి చేసిన ఇంజన్‌లో 'ఎండలు ఎక్కువ కదా' అని చిక్కటిది పోస్తే మేలు జరుగుతుందన్న భరోసా ఏమీ లేదు. పైగా వారంటీ క్లెయిమ్‌లో అవతలివాడికి ఒక సాకు దొరుకుతుంది.

సింథటిక్ మంచిదే, కాదనను. వేడిని బాగా తట్టుకుంటుంది, త్వరగా మడ్డి కట్టదు. కానీ "సింథటిక్ పోశాను కాబట్టి పదివేల దాకా చూడక్కర్లేదు" అనే మాట వినగానే నాకు ఒళ్ళు మండుతుంది. సింథటిక్ అయినంత మాత్రాన లోపలికి పోయిన దుమ్ము బయటికి రాదు. గేర్ల పళ్ళు నలగ్గొట్టడం కూడా ఆగదు. వేడిలో చిక్కదనం నిలవడం కోసం ఆయిల్‌లో పొడుగాటి పాలిమర్ గొలుసులు కలుపుతారు. గేర్ల పళ్ళ మధ్య పడి ఆ గొలుసులు తెగుతూ ఉంటాయి. 50 అని కొన్నది కొన్నాళ్ళకి 40లా ప్రవర్తిస్తుంది. కారులో గేర్‌బాక్సు వేరు కాబట్టి ఈ బాధ తక్కువ. హోండా వాళ్ళు 2002లో తెచ్చిన సీఆర్ఎఫ్450ఆర్ అనే మోటోక్రాస్ బండిలో ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ వేరువేరు ఆయిల్ పెట్టింది ఊరికే కాదు.

అసలు విషయం ఎప్పుడు మార్చాలన్నది. 2016లో హిమాలయన్ వచ్చినప్పుడు పదివేల కిలోమీటర్లకోసారి ఆయిల్ మారిస్తే చాలన్నది పెద్ద ఆకర్షణ. అది అబద్ధం కాదు. కానీ ఆ పదివేలు ఎలాంటివన్నదే ప్రశ్న. మరోపక్క కేటీఎం 450 ఈఎక్స్‌సీ-ఎఫ్ లాంటి పోటీ బళ్ళ మాన్యువల్ చూడండి. అక్కడ లెక్క గంటల్లో ఉంటుంది. 15 గంటలకోసారి మార్చాలి. దాని ఇంజన్‌లో పట్టేది లీటరు అటూ ఇటూ, శక్తి మాత్రం మన బళ్ళకి రెట్టింపు పైనే. మన బళ్ళకి ఆ 15 గంటలు అక్కర్లేదు, అది ఛాదస్తం. కానీ గంటలు లెక్కపెట్టడమన్నది సరైన పద్ధతి. రాసిన కోడ్ లైన్ల లెక్కతో పనిని కొలిచే మేనేజర్‌ని చూసి నవ్వుకుంటాం కదా, ఓడోమీటర్ చూసి ఆయిల్ మార్చడమూ మట్టిలో అలాంటిదే.

హైవే మీద గంటకి 60 చొప్పున పదివేలు తిరగాలంటే దాదాపు 167 గంటలు. గుట్టల్లో సగటున 12 కిలోమీటర్ల వేగం దొరికితే గొప్ప. అదే 167 గంటలకి మీటరు రెండు వేలే చూపిస్తుంది. ఆ గంటలు కూడా సమానం కావు. మొదటి గేరులో, ఎక్కువ ఆర్‌పీఎంలో, ఎదురుగాలి లేక ఇంజన్ ఉడికిపోతూ, సగం పట్టిన క్లచ్‌తో గడిచిన గంటలవి.

మన పల్లెల్లో ఎడ్లబండి ఇరుసుకి కందెన పెట్టేవాళ్ళు గుర్తున్నారా? ఆముదంలో మసి కలిపి, వెదురు గొట్టంలో పోసి బండి కిందే వేలాడదీసుకునేవాళ్ళు. కందెన పెట్టడానికి వాళ్ళు కోసులు లెక్కపెట్టలేదు. బరువెంత, దారెలాంటిది అని చూసేవాళ్ళు. (అన్నట్టు క్యాస్ట్రాల్ అన్న పేరులో ఉన్నది కూడా ఆముదమే. క్యాస్టర్ ఆయిల్ కలిపేవాళ్ళు కాబట్టి ఆ పేరు.)

నేను వాడే లెక్క ఇది. శాస్త్రం కాదు, ఒక అందాజా. మట్టిలో ఒక గంట తిరిగితే 100 కిలోమీటర్లు రాసుకుంటాను. సిటీ ట్రాఫిక్ కిలోమీటర్లు రెండింతలు. హైవే ఉన్నదున్నట్టు. ఉదాహరణకి నెలకి ఆఫీసు 600 కిలోమీటర్లు, అంటే 1,200. రెండు ఆదివారాలు ఐదేసి గంటల మట్టి, అంటే 1,000. వికారాబాద్ పోయి రావడం రెండుసార్లు, 300. మొత్తం నెలకి 2,500. నాలుగు నెలలకి పదివేలు అయిపోయాయి, అప్పటికి ఓడోమీటర్ చూపించేది దాదాపు 4,100. మీటరునే నమ్ముకున్నవాడు ఇంకో ఆరు నెలలు అదే ఆయిల్‌తో తిరుగుతాడు. మాన్యువల్‌లో కిలోమీటర్ల పక్కనే 'లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది' అని కూడా ఉంటుంది, దుమ్ములో తిరిగితే ఇంకా ముందుగా మార్చమనీ ఉంటుంది. ఆ లైన్లు ఎవరి కంటికీ ఆనవు. ఖరీదైన డబ్బా ఏడాదికోసారి పోసే బదులు, మాన్యువల్ చెప్పిన గ్రేడులో సెమీ సింథటిక్ తెచ్చి నాలుగు నెలలకోసారి, ఫిల్టర్‌తో సహా మార్చండి. అందుకే నా ఓటు.

ఈ లెక్కకి అందనిది నీళ్ళు. వాగు దాటుతూ బండి మునిగినా, పడిపోయినా వేడి ఇంజన్ ఒక్కసారిగా చల్లబడి లోపలికి నీళ్ళు పీల్చే అవకాశం ఉంది. ఇంటికి రాగానే డిప్‌స్టిక్ తీసి గానీ, గాజు కిటికీ ఉంటే అందులోంచి గానీ చూడండి. ఆయిల్ పాలు పోసిన టీలా కనిపిస్తే నిన్ననే మార్చానని చూడకుండా పారబొయ్యండి. నల్లబడితే మాత్రం కంగారు పడక్కర్లేదు, రంగుని బట్టి ఆయిల్ పనైపోయిందని చెప్పలేం.

ఇంకొకటి, ఎంత మంచి ఆయిల్ పోసినా ఎయిర్ ఫిల్టర్ నిండా దుమ్ముంటే దండగ. మనం పీల్చే దుమ్ములో ఉండేది ఇసుకే, సిలికా. ఫిల్టర్ దాటి లోపలికి పోయిందంటే సిలిండర్ గోడకి గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. ముందువాడి వెనకాలే దుమ్ములో రైడ్ చేసి వచ్చిన రోజు ముందు ఫిల్టరే విప్పి చూస్తాను.

మార్చాక మిగిలే పాత ఆయిల్ సంగతి. గుట్ట మీదే క్యాంపులో ఆయిల్ మార్చి, పాతది గుంతలో పోసి మట్టి కప్పిన ఘనులని కళ్ళారా చూశాను. అనంతగిరి మూసీ నది పుట్టిన చోటు. నగరంలోకొచ్చాక దానికి మనం చేసే మర్యాద చాలదా? 2016 నాటి నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. దాన్ని తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యత 2024 ఏప్రిల్ నుంచి తయారీదారుల మీద కూడా పెట్టారు. మనం చెయ్యాల్సింది చాలా చిన్న పని. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే పాతది పోసి, మూత బిగించి, మెకానిక్ షెడ్డులో డ్రమ్ము ఉంటుంది, అందులో పోసి రావడమే. ఖాళీ డబ్బాని మాత్రం మేకుతో నాలుగు చోట్ల పొడిచి పారేస్తాను, లేకపోతే అందులో నకిలీ సరుకు నింపి మళ్ళీ మనకే అమ్ముతారు.