గాలి తీసేస్తే సరిపోతుందా?

ఏలూరులో మా ఇంట్లో వస్తువులు ఇప్పుడు రెండే రకాలు. గాలి ఉన్నవి, గాలి తీసేసినవి. కందిపప్పు, జీడిపప్పు, ఎండు రొయ్యలు, నాన్న పాత స్వెట్టరు, నా డిగ్రీ మార్కుల జాబితా... అన్నీ ప్లాస్టిక్ కవర్లలో బిగుసుకుపోయి కూర్చున్నాయి. మొన్న పక్కింటి ఆంటీ మా అల్మారా చూసి, "ఏవండీ, కొత్తగా షాపు గానీ పెడుతున్నారా?" అని అడిగారు.

దీనంతటికీ కారణం అమ్మ ఆన్‌లైన్‌లో కొన్న వాక్యూమ్ సీలర్. రీల్స్‌లో మీరూ చూసే ఉంటారు. చపాతీ కర్రంత పొడవు, టిఫిన్ బాక్సంత ఎత్తు. కవరు మూతి అందులో పెట్టి మూత నొక్కితే, లోపలున్న పంపు గుర్రుమంటూ గాలి లాగేస్తుంది. తర్వాత వేడెక్కిన తీగ కవరు మూతిని కరిగించి అతికించేస్తుంది. అరనిమిషం పని. చూడ్డానికి భలే తృప్తిగా ఉంటుంది. ఆ తృప్తితోనే వస్తుంది చిక్కంతా. మొదటి వారం అమ్మ చేతికి ఏది దొరికితే దాన్ని సీల్ చేసింది.

మాది కొల్లేటి పక్క కుటుంబం. ఇక్కడ ఏ ఇంట్లో చూసినా దాచడం, పంపడం రెండూ పెద్ద పనులే. అన్నయ్య టెక్సాస్‌లో ఉంటాడు, అక్క హైదరాబాద్‌లో. అమ్మమ్మగారి ఊరు మండవల్లి వైపు, మావయ్యకి అక్కడ చేపల చెరువుంది. నేను రోజూ రైల్లో తాడేపల్లిగూడెం వెళ్లి ఉద్యోగం చేసుకొస్తాను. అంటే ఎటు నుంచి ఎటు చూసినా మా ఇల్లొక పార్సిల్ ఆఫీసు. అలాంటింటికి ఈ మిషను వచ్చాక తేలాల్సిన ప్రశ్న ఒకటే: గాలి తీసేస్తే ఏదైనా నిల్వ ఉంటుందా?

ముందు, బాగా పనికొచ్చిన చోట్లు చెప్తాను. పొడి సరుకులకి ఇది నిజంగా వరమే. బియ్యంలో ముక్కపురుగు, పప్పులో పురుగు బతకాలంటే వాటికీ గాలి కావాలి. జీడిపప్పు, వేరుశనగ గుళ్లు, కారప్పొడి తొందరగా ముక్కిపోవడానికి, రంగు పోవడానికి గాలిలోని ఆక్సిజన్ పెద్ద కారణం. ఎండు రొయ్యలదీ అదే కథ. పైగా వాటికి ఇంకో లాభముంది. వాసన బయటికి రాదు. ఎండు రొయ్యల సంచితో బస్సెక్కి, పక్క సీటు వాళ్ల చూపులు భరించిన ప్రతి గోదారి జిల్లా మనిషికీ ఆ విలువ తెలుసు. కాకపోతే రొయ్య తలమీద కొమ్ము కవరుకి చిల్లు పెడుతుంది. తలలు తీసేసి, మిగిలినవి పేపర్‌లో చుట్టి పెట్టాలి.

పూతరేకుల జోలికి మాత్రం వెళ్లకండి. ఆత్రేయపురం పూతరేకు అందమే దాని పొరల మధ్య ఉన్న గాలి. అది తీసేస్తే మిగిలేది పంచదార, నెయ్యి కలిసిన కాగితం.

ఇక పచ్చళ్లు. అన్నయ్యకి ఆవకాయ పంపేటప్పుడు తెలిసిందేంటంటే, ఇంట్లో వాడే మిషనూ, పచ్చళ్ల షాపుల్లో ఉండే పెద్ద మిషనూ ఒకటి కావు. షాపు వాళ్ల మిషన్లో కవరు మొత్తం ఒక పెట్టెలో ఉంటుంది. లోపలా బయటా ఒకేసారి గాలి తగ్గుతుంది కాబట్టి నూనె పైకి ఎగబాకదు. మన చిన్న మిషను కవరు మూతి దగ్గర నుంచి లాగుతుంది, గాలి వెనకే నూనె కూడా వచ్చేస్తుంది. మూతికి నూనె అంటితే సీలు పడదు, పడ్డా నిలవదు. అందుకని పచ్చడి నింపేటప్పుడు కవరు మూతిని చొక్కా కాలరులా బయటికి మడవాలి. రెండు గంటలు డీప్ ఫ్రీజర్లో పెడితే నువ్వుల నూనె చిక్కబడుతుంది. మూతికి కాస్త కింద టిష్యూ పేపరు మడిచి అడ్డం పెట్టి, అప్పుడు సీల్ చేయాలి. పైన ఇంకో కవరు. సూట్‌కేసులో బట్టలు బతుకుతాయి.

ఇదంతా చూస్తూ కూర్చున్న నానమ్మ ఒక మాటంది. "ఆవకాయని ఉప్పూ, పులుపూ, నూనే కాపాడతాయే. మీ మిషను కాపాడేది మీవాడి బట్టల్ని."

నిజమే కదా! జాడీలో ఏడాది నిలవుండే ఆవకాయకి వాక్యూమ్‌తో వచ్చే కొత్త ఆయుష్షేమీ లేదు. అది కారకుండా వెళ్తుంది, అంతే. ఇంకో సంగతి. చికెన్, మటన్ పచ్చళ్లు మన దగ్గర్నుంచి అమెరికాకి పట్టుకెళ్తే కస్టమ్స్ వాళ్లు తీసేసుకుంటారు. సొంతానికి కొద్దిగా తీసుకెళ్లే చేపలు, రొయ్యలకి మామూలుగా అభ్యంతరం ఉండదు, ఫారంలో రాయాలంతే. కవర్లో గాలి లేనంత మాత్రాన చికెన్ ఇంకోటి అయిపోదు.

గూడెంలో ఉల్లిపాయల మార్కెట్ పెద్దది. కర్నూలు నుంచి లారీల్లో సరుకు దిగుతుంది. ఓసారి చవగ్గా ఉందని సగం బస్తా తెచ్చాను. అమ్మ కొన్ని ఉల్లిపాయలూ, వాటితోపాటు ఓ గిన్నెడు వెల్లుల్లీ వొలిచి, సీల్ చేసి గట్టు మీద పెడదామంది. వద్దన్నాను. అప్పుడే ఇంట్లో అసలు చర్చ మొదలైంది. అది చేపల దగ్గర తారాస్థాయికి చేరింది.

అక్కకి అప్పుడు ఏడో నెల. ఫోన్ చేసినప్పుడల్లా కొరమేను పులుసు గురించే మాట్లాడేది. హైదరాబాద్‌లో కొరమేను దొరక్క కాదు. మావయ్య పంపింది, అమ్మ చేత్తో బాగు చేసింది కావాలి దానికి. మావయ్య పొద్దున్నే బతికున్న చేపలు పంపించాడు. అమ్మ ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ రాసి, కవర్లలో పెట్టి, గాలి లాగేసి వరసగా పేర్చింది. రాత్రి బస్సులో పార్సిల్ వేస్తే పొద్దున్నకల్లా అక్క చేతిలో ఉంటాయని ప్లాను.

"ఐస్ ఏదమ్మా?" అన్నాను.

"ఐస్ ఎందుకే? గాలే లేదుగా లోపల, ఏం చెడిపోద్ది?"

మా అమ్మ ఒక్కతే కాదు, ఈ మిషను కొన్న చాలామంది అనుకునేది ఇదే. గాలి లేకపోతే సూక్ష్మజీవులు చచ్చిపోతాయని. చావవు. కొన్ని నెమ్మదిస్తాయి. కొన్నింటికి మాత్రం గాలి లేకపోవడమే పండగ. వాటిలో ఒకటి క్లోస్ట్రీడియం బొట్యులినం. మట్టిలో ఉంటుంది, చెరువుల అడుగు బురదలో ఉంటుంది. అంటే చేప మీదా ఉండొచ్చు, ఉల్లి, వెల్లుల్లి మీదా ఉండొచ్చు. గాలి ఉన్నచోట గింజలా నిద్రపోతుంది. గాలి లేకుండా, తడిగా, పులుపూ ఉప్పూ తక్కువగా, వెచ్చగా ఉన్న చోటు దొరికితే నిద్ర లేచి విషం తయారుచేస్తుంది. నరాల్ని దెబ్బతీసి ఊపిరి ఆడే కండరాల్ని కూడా పడుకోబెట్టే విషం అది. అరుదైన జబ్బే. కానీ వస్తే ఆసుపత్రే, వెంటిలేటరే.

దీంట్లో మోసం ఏంటంటే, మామూలుగా చేపని పాడుచేసే సూక్ష్మజీవులు కంపు కొట్టి మనల్ని హెచ్చరిస్తాయి. వాక్యూమ్ కవర్లో వాటి జోరు తగ్గుతుంది. ఇది మాత్రం వాసన, రంగు మారకుండానే పని కానిచ్చేయగలదు. అంటే మనం తీసేసింది గాలినే కాదు, ముక్కుకి అందే హెచ్చరికని కూడా. పసుపు రాసినంత మాత్రాన, కూరకి సరిపోయేంత ఉప్పు పట్టించినంత మాత్రాన అది ఆగదు. అమెరికాలో ఆహార నియంత్రణ చూసే ఎఫ్‌డీఏ, చల్లదనం ఒక్కటే ఆధారంగా వాక్యూమ్ చేసిన పచ్చి చేపల్ని 3.3 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వొద్దంటుంది. మన ఇంటి ఫ్రిజ్‌లే చాలావరకు అంతకంటే వెచ్చగా ఉంటాయి. ఇక బస్సు డిక్కీ సంగతి చెప్పేదేముంది?

"మరిగే పులుసులో పోదా?" అంది అమ్మ. బాగా మరిగిస్తే ఆ విషం విరిగిపోతుంది, నిజమే. కానీ ఏడు నెలల గర్భిణి తిండి విషయంలో, ముందు విషం పుట్టనిచ్చి తర్వాత మరిగిద్దాం అనుకుంటామా?

అమ్మ ఒప్పుకోలేదు. నేను చెప్పేది ఇంగ్లీషు చదువు అంది. చివరికి ఫోన్‌లో మావయ్య తేల్చాడు. "కోడలా, మన కైకలూరు, ఆకివీడు నుంచి చేపలు హౌరా దాకా పోతన్నాయా? ఐస్ మీద పోతన్నాయి. ఉత్త కవర్లతో పోయేదుంటే ఇన్ని ఐస్ ఫ్యాక్టరీలు ఎందుకు పెట్టుకుంటాం? మీ అమ్మకి ఇవ్వు ఫోను."

ఆ రాత్రి పార్సిల్ వెళ్లలేదు. అవే కవర్లు డీప్ ఫ్రీజర్లోకి వెళ్లాయి. రెండ్రోజులకి ముక్కలు రాళ్లలా అయ్యాక, థర్మోకోల్ పెట్టెలో కిందా పైనా ఐస్ వేసి, టేపు చుట్టి బస్సెక్కించాం. అక్కడ అందుకునేసరికి ఇంకా గడ్డగానే ఉన్నాయి. అక్కకి గట్టిగా ఒక మాట చెప్పాను. వండే ముందు ఐస్ కరగబెట్టేటప్పుడు కవరు కోసేయాలి, గిన్నెలో వేసి ఫ్రిజ్‌లోనే కరగనివ్వాలి, గట్టు మీద కాదు. ఇది చాలామందికి తెలియదు. కరుగుతున్నంతసేపూ కవరు మూసి ఉంటే, లోపల గాలి లేని ఆ చోటు మళ్లీ తయారవుతుంది.

నిజానికి వాక్యూమ్ అసలు సత్తా డీప్ ఫ్రీజర్లోనే కనబడుతుంది. మామూలు కవర్లో పెట్టిన చేపముక్క కొన్ని వారాలకి అంచులు తెల్లబడి, పీచులా ఎండిపోతుంది. గాలి తగలకపోతే ఆ బాధ లేదు, నెలల తరబడి బాగుంటుంది. మైనస్ 18 డిగ్రీల చలి కాపలా కాస్తే, వాక్యూమ్ దానికి తోడుంటుంది. కవరు మీద తేదీ రాయడం మర్చిపోకండి. పచ్చి చేప, మాంసం పెట్టిన కవరు కడిగి మళ్లీ వాడకండి.

తిండి కాకుండా ఈ మిషను మాకు చేసిన అతిపెద్ద మేలు ఇంకోటుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచింది గుర్తుందా? టీవీల్లో అక్కడ నీళ్లు తగ్గాక మన దృష్టి మళ్లిపోయింది. కానీ ఆ నీళ్లు వచ్చేది కొల్లేటికే. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో వాగులు ఇందులోకే దిగుతాయి. సముద్రంలోకి పోవడానికి దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అందుకే అక్కడ వాన వెలిశాక ఇక్కడ ముంపు మొదలవుతుంది, నెమ్మదిగా వచ్చి నెమ్మదిగా పోతుంది. మావయ్య ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. బియ్యం పోయాయి, పరుపులు పోయాయి. అవి మళ్లీ కొనుక్కోవచ్చు. అత్తయ్య ఏడ్చింది ఇనప్పెట్టె తెరిచినప్పుడు. పట్టాదారు పాస్‌బుక్కు, చెరువు కాగితాలు, పిల్లల టెన్త్ సర్టిఫికెట్లు ఒకదానికొకటి అంటుకుపోయి ముద్దయ్యాయి. దండెం మీద బట్టల్లా ఆరేశారు. నష్టపరిహారం రాయించుకోవాలన్నా కాగితాలే అడుగుతారు కదా.

మరుసటి ఏడాది వానలకి ముందు, బాగా ఎండ కాసిన రోజు చూసుకుని మిషను పట్టుకుని వెళ్లాను. కాగితాలన్నీ ముందు ఫోన్‌లో స్కాన్ చేశాం. తర్వాత ఒక్కో కట్టకి అటూ ఇటూ అట్టముక్క, మధ్యలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం. గాలి పూర్తిగా లాగితే కాగితం ముడతలు పడుతుంది కాబట్టి సగం లాగి ఆపి, సీల్ బటన్ నొక్కాను. పైన రెండో కవరు. అన్నీ మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ములో వేసి అటక ఎక్కించాం. అత్తయ్య తన పెళ్లి పట్టుచీర కూడా పెట్టమంది గానీ, దానికి వద్దన్నాను. జరీ మడతల దగ్గర విరుగుతుంది. వాళ్లమ్మ ఫోటో మాత్రం బటర్ పేపర్లో చుట్టి పెట్టాం. ఇప్పుడు కొల్లేటికి నీళ్లొస్తున్నాయంటే మావయ్య సర్దుకోవాల్సింది మనుషుల్నీ, గేదెల్నీ. కాగితాల బెంగ లేదు.

మీరూ ఈ మిషను కొనాలనుకుంటే కొనండి, తప్పేం లేదు. కాకపోతే మూత నొక్కే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ వస్తువుని అసలు కాపాడేది ఏంటి? అప్పడాన్నీ, ఎండు చేపనీ ఎండ. ఆవకాయని ఉప్పు, పులుపు. కొరమేను ముక్కని ఐస్. కాగితాన్ని పొడిదనం. ఆ కాపలా ముందే ఉంటే గాలి తీయండి, మేలు చేస్తుంది. ఏ కాపలా లేనిదాన్ని మాత్రం ఎంత బిగించి మూసినా, లోపల ఏం జరుగుతోందో మనకి కనబడకుండా పోతుందంతే.

వొలిచిన ఉల్లి, వెల్లుల్లి సంగతి అడుగుతున్నారా? ఆ పూటే పచ్చడైపోయాయి. వొలవనివి మా వంటింట్లో గాలి తగిలేలా గంపలో ఉన్నాయి. వాటికి గాలే కాపలా.