వాలిన పత్తి ఆకు



ఒక ఏడు జనగామ దగ్గరి మా పల్లెలో పత్తి మొలిచాక మూడు వారాలు వాన జాడ లేదు. ఆదివారం కానుక తగ్గింది. "విశ్వాసం చల్లారితే చేతులు ముడుచుకుంటాయి" అని ప్రసంగంలో అనేశాను. ఎప్పుడూ ముందు కూర్చునే ఒక అక్క మరుసటి ఆదివారం రాలేదు.

ఆమె చెలకకు వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. పత్తి ఆకులు వాలిపోయి ఉన్నాయి. "ఇక పోయినట్టేనా అక్కా?" అన్నాను.

"పోలేదు అయ్యగారూ, పానం దాచుకుంటున్నయి. పొద్దుగూకినంక సూడుండ్రి, లేస్తయి."

తర్వాత చదివితే ఆమె మాట నిజమేనని తెలిసింది. ఆకు మీద కంటికి కనబడని రంధ్రాలుంటాయి. వాటిగుండా గాలి తీసుకునే మొక్క ఆహారం వండుకుంటుంది. వేరు తాగిన నీళ్లలో 95 శాతానికి పైగా ఆవిరైపోయేదీ అటునుంచే. నేల ఎండేకొద్దీ మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం పెరిగి ఆ రంధ్రాలను మూయిస్తుంది. 1963లో శాస్త్రవేత్తలు ఆ ఆమ్లాన్ని వేరుచేసింది లేత పత్తి కాయల నుంచే!

కూడికలకు తిరిగేటప్పుడు ఇదే వేరే రూపాల్లో చూశాను. మహబూబాబాద్ వైపు మక్క ఆకు గొట్టంలా చుట్టుకుని ఎండ తప్పించుకుంటుంది. భూపాలపల్లి అడవిలో టేకు వేసవికి ఆకులే రాల్చేస్తుంది.

అయితే రంధ్రాలు మూస్తే నీళ్లు దక్కుతాయి గానీ ఆహారం తయారవదు. ఎదుగుదల ఆగుతుంది. పత్తి గూడ, పిందె రాలుస్తుంది. ఉన్న కొద్ది బలం వేరుకు పంపి తడిని వెతుక్కుంటుంది. చాలా రోజులు అలాగే ఉంటే ఎండిపోతుంది.

ఆ అక్క చేయి ముడుచుకున్నది పిల్లల ఫీజు కోసం. నేను దాన్ని అవిశ్వాసం అన్నాను. చెలకలోనే క్షమించమని అడిగాను.

"అందరి ముంగట అన్నరు గద, అయ్యగారూ" అంది.

వచ్చే ఆదివారం అందరి ముందే అడిగాను. ఆమె వెనక వరుసలో కూర్చుంది.

ప్రియులారా, మీ సంఘంలో ఎవరైనా వాలిపోయి కనబడితే కారణం మీరే ఊహించుకోకండి. ఇంటికి వెళ్లి, బియ్యం ఉన్నాయా అని అడగండి. ఆలస్యం చేయకండి.

ప్రభువు మన చెలకల మీద వాన కురిపించును గాక. ఆమెన్.