మా ఇంటి బిడారు

“ఏమ్మా, మీ ఆయనకు బడి బస్సు నడిపి నడిపి విసుగు రాలేదా? ఇప్పుడు బస్సునే కొనుక్కొచ్చాడట!” అని మా గౌలిపురా గల్లీలో అందరూ నవ్వారు. నిజం చెప్పొద్దూ, నాకు మాత్రం ఏడుపే వచ్చింది. వంటింటి కప్పు కారుతోంది, బాగు చేయించుకుందామని నెలనెలా కట్టిన రెండు లక్షల చీటీ పాడితే 1,72,000 చేతికొచ్చింది. అందులోంచి 1,10,000 తీసి, తాను డ్రైవరుగా ఉన్న స్కూలువాళ్ళు అమ్మకానికి పెట్టిన పాత మినీ బస్సు కొనేశారు మావారు. జీతమా, నెలకు 18 వేలు. మీరైతే ఊరుకుంటారా? నేనూ రెండు రోజులు మాట్లాడలేదు.

మూడో రోజు రాత్రి అన్నం తింటూ ఆయన ఒక్క మాట అన్నారు. “అమ్మ ఊరు దాటి ఆరేళ్ళయింది. నువ్వు దాటి కూడా ఆరేళ్ళే అయింది, చూసుకున్నావా?”

నేను నిజంగానే లెక్క చూసుకోలేదు. మా అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, కింద కూచోలేదు. షుగర్ వల్ల గంటకోసారి లేవాలి. ఆరేళ్ళ కిందట యాదగిరిగుట్టకు బయలుదేరినప్పుడు దారిలో ఎక్కడ ఇబ్బంది పడాల్సి వస్తుందోనని ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు మానేసింది. తిరిగి వస్తుంటే కళ్ళు తిరిగి పడిపోయింది. ఆ తర్వాత పెళ్ళన్నా, పేరంటమన్నా “మీరు పోయిరాండ్రి బిడ్డా, నాతోని మీకు తక్లీఫ్ ఎందుకు” అనేది. ఆవిడ కదలదు, ఆవిడను వదిలి నేను కదలలేను. ప్రయాణమంటే నీళ్ళు మానేయడం మనలో ఎంతమందికి అలవాటు కాదు చెప్పండి!

పాత బస్సు ఆడవాళ్ళ అవసరానికి పనికి రావడం కొత్తేం కాదు. పూణేలో 2016 నుంచి పాత సిటీ బస్సుల్ని ఆడవాళ్ళ మరుగుదొడ్లుగా మార్చి నిలబెట్టారు. 2020లో బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో కర్ణాటక ఆర్టీసీ వాళ్ళూ అలాంటిదే పెట్టారు. సినిమా తారలకు కారవాన్లుండనే ఉన్నాయి. ఆ మాటకొస్తే పురానాపూల్ దాటగానే ఉన్న మన కార్వాన్‌కు ఆ పేరెలా వచ్చింది? దూరదేశాల వర్తకుల బిడారులు అక్కడ దిగేవి గనుకనే. కుతుబ్‌షాహీల కాలం నుంచీ బండ్లతో, గుడారాలతో సంసారాన్ని వెంటేసుకుని వచ్చినవాళ్ళను చూసిన ఊరు మనది.

సరేనని కొంగు బిగించాను. ఆయనకు తీరికుండేది ఆదివారాలూ, స్కూలు సెలవులూను. బస్సును స్కూలు వెనక ఖాళీ జాగాలోనే ఉండనిచ్చారు. ముందు నాలుగు సీట్లు ఉంచి మిగతావి విప్పేశారు. రబ్బరు మ్యాట్ ఎత్తి చూస్తే కింద రేకు అప్పడంలా తుప్పు పట్టి ఉంది! తలాబ్‌కట్టా వెల్డింగు భాయి దాన్ని కోసి కొత్త రేకు వేశాడు. పైకెక్కి బిందెలతో నీళ్ళు పోస్తూ, లోపల ఎక్కడ కారుతోందో సుద్దముక్కతో గుర్తులు పెట్టింది నేనే. కారే కప్పుతో నాకున్న అనుభవం అలా అక్కరకొచ్చింది. ఎండ తగ్గడానికి పైన తెల్లరంగు వేశాం. మన మేడల మీద సున్నం కొట్టినట్టే. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ చెప్పేదీ ఇలాంటిదే. స్టీలు సింకు గురువారం నాడు జుమ్మేరాత్ బజారులో బేరమాడి తెచ్చాను.

ఇక్కడ మేం చేసిన తప్పు మీరు చేయకండి. సీట్లు విప్పేశాక తెలిసింది, బండి రూపు మార్చాలంటే ముందుగా ఆర్.టి.ఎ. అనుమతి ఉండాలట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనే ఆ మాట చెబుతోంది. మార్పుల్ని ఆర్.సి.లో ఎక్కించాలి, ఫిట్‌నెస్ చూపించాలి, ఇన్సూరెన్సువాళ్ళకూ చెప్పాలి. మాకు ఆ తిరుగుళ్ళతోనే రెండు నెలలు పోయాయి.

పోట్లాటలు కూడా తక్కువేం కాలేదు. వెనకాల అడ్డంగా పెద్ద మంచం వేద్దామన్నారాయన. అది వేస్తే ఎమర్జెన్సీ డోరు మూసుకుపోతుంది. నేను ససేమిరా అన్నాను. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది పోయిన వార్త ఎలా మర్చిపోతాం? మంచాలు పక్కలకు వేయించి, నడుమ దారి వదిలించాను.

రెండో పోట్లాట గ్యాస్ దగ్గర. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న యాత్రికుల రైలుపెట్టె అంటుకుని తొమ్మిది మంది చనిపోయారు. లోపలికి తెచ్చుకున్న గ్యాస్ సిలిండరే కారణమన్నారు. వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే పైకి పోదు, నేలబారున పేరుకుంటుంది. అందుకే మా బస్సులో వంట లేదు. బండి ఆపి, చిన్న సిలిండరు దింపి, చెట్టుకింద వండుకోవడమే.

నీళ్ళ సంగతి కూడా వినండి. లీటరు నీళ్ళంటే కేజీ బరువు. మొదట 200 లీటర్ల డ్రమ్ము ఓ మూల పెడితే బస్సు పక్కకు ఒరిగింది! ఇప్పుడు 40 లీటర్ల క్యాన్లు రెండు, చెరోవైపు మంచాల కింద పెట్టాం. కరెంటుకు 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఉంది. రాత్రంతా చిన్న ఫ్యాను తిప్పినా అయ్యేది 200 వాట్-అవర్లే, గంటసేపు మిక్సీ వేస్తే మాత్రం 500 మింగుతుంది. అందుకని రోటి పచ్చళ్ళ ఊసెత్తకుండా పల్లిపొడి, పులిహోర పులుసు, సకినాలు ఇంట్లోనే చేసి డబ్బాల్లో సర్దుకుంటాను.

అసలైనది చివర్న చెబుతున్నాను. వెనక మూల ప్లైవుడ్‌తో చిన్న గది, తలుపుకు గొళ్ళెం, పట్టుకోవడానికి గోడకు కడ్డీ, లోపల మూతబకెట్ ఉన్న కమోడ్ కుర్చీ. బకెట్‌ను పెట్రోలు బంకుల మరుగుదొడ్లలోనో, ఇంటికొచ్చాకో ఖాళీ చేస్తాం. ఎవరి చేనులోనూ పోయం. పది నెలలు పట్టింది, బస్సుతో కలిపి 2,05,000 అయింది. చీటీ డబ్బు చాలక ఆయన రాత్రిపూట పెళ్ళిళ్ళకు కార్లు నడిపారు.

దసరా సెలవుల్లో శ్రీశైలం బయలుదేరాం. 215 కిలోమీటర్ల దారి. కల్వకుర్తి, డిండి దాటి మన్ననూరు చేరేసరికి తొమ్మిది దాటింది. అడవిలో జంతువుల కోసం అక్కడి చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. మాలాగే ఆగిపోయిన కార్లలో ఆడవాళ్ళు చీకట్లోకి చూస్తూ కూచున్నారు. మేం దగ్గర్లోని దాబా ఆయన్ని అడిగి అతని జాగాలో బండి పెట్టుకుని పక్కలు పరిచాం. ఒక కారులోని గర్భిణీ అమ్మాయిని మా అత్తమ్మే చెయ్యి పట్టుకుని తెచ్చింది. “రా బిడ్డా, లోపట అన్నీ ఉన్నయి” అంటూ, తన సొంత ఇంటికి పిలిచినట్టు!

పొద్దున్నే లేచి, “ఆకలి తర్వాత, ముందు నీళ్ళియ్యి” అంది అత్తమ్మ. చెంబెడు నీళ్ళు గటగటా తాగింది. ఇంకా ఘాట్ రోడ్డంతా ముందే ఉంది. మావారు నావైపు చూశారు, నేను అటు తిరిగి టీ వడకట్టుకున్నాను.

అందరినీ బస్సు కొనమని చెప్పను. మా వంటింటి కప్పు ఇంకా కారుతూనే ఉంది, వచ్చే చీటీ దానికే, ఒట్టు వేయించుకున్నాను. కానీ మీ ఇంట్లో “నేను రాను, మీరు వెళ్ళండి” అనే పెద్దావిడ ఉంటే, ఎందుకు రానంటోందో ఒక్కసారి విడిగా కూచోబెట్టుకుని అడగండి. కారు డిక్కీలో పట్టే మడత కమోడ్ కుర్చీ, చుట్టూ కట్టడానికి రెండు పాత దుప్పట్లు ఉన్నా చాలు, కొందరి ప్రయాణం మళ్ళీ మొదలవుతుంది.